హెల్సింకీ నుంచి టోక్యో ఎంత దూరం?

మొన్నామధ్య ఆఫీసులో నా మీద ఒక బగ్ పడింది. బగ్గులు పడటం కొత్తేం కాదు, పడనిదెవరికి లెండి. కానీ దీని పుణ్యమా అని రెండు వారాంతాలు సినిమా మానేసి పాత విమానాల చరిత్ర చదువుతూ కూర్చున్నాను. చదివాక కడుపులో దాచుకోలేక ఇక్కడ కక్కుతున్నాను. కాస్త ఓపిక పట్టండి.

మేం చేసేది ప్రయాణాలకి సంబంధించిన ఒక అప్లికేషన్. రెండు విమానాశ్రయాల పేర్లిస్తే వాటి మధ్య దూరం, సుమారు ప్రయాణ సమయం చూపించే చిన్న ముక్క అందులో నేను రాశాను. ఇంజనీరింగ్ చదివిన ఎవడైనా ఎలా రాస్తాడో అలాగే రాశాను. రెండు చోట్ల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని, హావర్‌సైన్ ఫార్ములాలో వేసి, వచ్చిన కిలోమీటర్లని గంటకి 850తో భాగించి, ఎక్కటానికీ దిగటానికీ ఓ అరగంట కలిపాను. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, లండన్ నుంచి న్యూయార్క్ వేసి చూశాను. కాస్త అటూ ఇటూగా సరిపోయింది. చెకిన్ చేసి ఇంటికెళ్ళిపోయాను.

మా టీంలో ఒక టెస్టర్ ఉంది. మనం ఊహించని చోట వేలు పెట్టటం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. హెల్సింకీ నుంచి టోక్యో వేసింది. నా ప్రోగ్రాం 7,830 కిలోమీటర్లు, 9 గంటల 42 నిమిషాలు అని చెప్పింది. అసలు విమానానికి దాదాపు 13 గంటలు పడుతోంది. బగ్‌లో ఒకటే వాక్యం రాసింది: "మూడు గంటలు తేడా, ఏ విమానం ఎక్కించావు బాబూ?"

నేను ఫార్ములా ఇంకోసారి చూసుకుని, తప్పు లేదని నిర్ధారించుకుని, "ఫార్ములా కరెక్టే" అని రాసి మూసేశాను. అయిదు నిమిషాల్లో మళ్ళీ తెరిచింది. "జనం ఎక్కేది ఫార్ములా కాదు, విమానం. అది చూడు."

సరే చూద్దామని మొదలుపెడితే బయటపడిన విషయం ఇదీ. ఈ రెండు ఊళ్ళ మధ్యా మొదటి నాన్‌స్టాప్ విమానం 1983లో మొదలైంది. అప్పుడు పట్టిన సమయం సుమారు 13 గంటలు. 2019లో అదే ప్రయాణం తొమ్మిదిన్నర గంటలు. 2022 మార్చి నుంచి మళ్ళీ 13 గంటలు. ఈ నలభై ఏళ్ళలో విమానాలు మెరుగయ్యాయి, ఇంజన్లు మెరుగయ్యాయి, హెల్సింకీ కదల్లేదు, టోక్యో కదల్లేదు. మరి మధ్యలో మూడున్నర గంటలు ఎటుపోయి ఎటొచ్చినట్టు?

ముందు ఆ 7,830 సంగతి చెప్పి ముందుకెళతాను. మనం చిన్నప్పుడు స్కూల్లో గోడకి వేలాడే ప్రపంచపటం చూసి పెరిగాం కాబట్టి, హెల్సింకీ నుంచి టోక్యో అంటే అడ్డంగా ఒక గీత గీస్తే చాలనుకుంటాం. పటాన్ని పక్కనపెట్టి ఒక గ్లోబు తీసుకోండి. దారం ఒక కొస హెల్సింకీ మీద, రెండో కొస టోక్యో మీద పెట్టి బిగించి లాగండి. దారం ఉత్తరంగా వంగి రష్యా ఉత్తర కొసల మీదుగా, సైబీరియా మొత్తం దాటి జపాన్ మీద దిగుతుంది. అదే అన్నిటికన్నా దగ్గర దారి. హావర్‌సైన్ లెక్కగట్టేది ఆ దారం పొడవునే. ఆ దారంలో దాదాపు అంతా ఒకే ఒక్క దేశం మీద ఉంటుంది. అసలు గొడవంతా అక్కడే ఉంది.

ఎందుకంటే ఆకాశానికి యజమానులున్నారు. 1944లో అమెరికాలోని షికాగోలో యాభైకి పైగా దేశాలు కూర్చుని పౌర విమానయానానికి నియమాలు రాసుకున్నాయి. అందులో మొట్టమొదటి అధికరణమే, ప్రతి దేశానికీ తన నేల పైనున్న ఆకాశం మీద సంపూర్ణ హక్కు ఉంటుందని చెబుతుంది. సముద్రంలో ఓడలకున్న స్వేచ్ఛ విమానాలకి లేదన్నమాట. ఒకరి విమానాలు ఇంకొకరి మీదుగా దిగకుండా దాటిపోవచ్చని అప్పుడే వేరే ఒప్పందం కూడా చేశారు. చాలా దేశాలు సంతకం పెట్టాయి, మన దేశం కూడా పెట్టింది. సోవియట్ యూనియన్ పెట్టలేదు, తరవాత రష్యా కూడా పెట్టలేదు. భూమ్మీద అన్నిటికన్నా పెద్ద దేశం, యూరప్‌కీ తూర్పు ఆసియాకీ సరిగ్గా మధ్యలో కూర్చుని, నా ఆకాశంలోకి రావాలంటే నన్నడగాలి అంటే ఏం చేస్తారు? చుట్టూ తిరుగుతారు.

మొదట్లో దక్షిణం వైపు నుంచి తిరిగేవాళ్ళు. 1950ల మొదట్లో కోపెన్‌హాగన్‌లో బయలుదేరిన స్కాండినేవియన్ వాళ్ళ విమానం మధ్యప్రాచ్యం, భారత ఉపఖండం, బ్యాంకాక్ మీదుగా ఆగుతూ ఆగుతూ టోక్యో చేరటానికి సుమారు 50 గంటలు పట్టేది. అవి పంకాలు తిరిగే విమానాలు. దిగటం, పెట్రోలు పోయించుకోవటం, ఎగరటం. మన పల్లెవెలుగు బస్సు లాగా.

ఆ స్కాండినేవియన్ సంస్థకే ఒక ఆలోచన వచ్చింది. దక్షిణం నుంచి ఎందుకు, ఉత్తరం నుంచి తిరిగితే పోదూ అని. 1954 నవంబరులో కోపెన్‌హాగన్ నుంచి గ్రీన్‌లాండ్ మీదుగా లాస్ ఏంజిలస్‌కి విమానం నడిపి అలవాటు చేసుకున్నారు. 1957 ఫిబ్రవరి 24న డీసీ-7సీ విమానాలతో కోపెన్‌హాగన్ నుంచి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా అలాస్కాలోని యాంకరేజ్, అక్కణ్ణుంచి టోక్యో మొదలుపెట్టారు. 50 గంటలు కాస్తా 32 గంటలయింది.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇందులో ఉన్న ఇంజనీరింగ్ నాకు భలే నచ్చింది. ధ్రువం దగ్గర దిక్కు తెలుసుకోవటం ఎలా? దిక్సూచిని నమ్మలేం. అది చూపించేది అయస్కాంత ధ్రువాన్ని, అది అప్పట్లో కెనడా ఉత్తరాన ఉండేది. దానికి దగ్గరవుతున్న కొద్దీ సూది పక్కకి లాగటం మాని కిందకి లాగుతుంది, పిచ్చిగా తిరుగుతుంది. పోనీ రేఖాంశాలని నమ్ముకుందామంటే అవన్నీ ధ్రువం దగ్గర ఒకే చుక్కలో కలుస్తాయి. ధ్రువం మీద నిలబడితే ఏ వైపు అడుగేసినా దక్షిణమే. పక్కనుంచి తిన్నగా వెళ్తున్న విమానానికి కూడా కొద్ది నిమిషాల్లోనే "ఉత్తరం" కాస్తా "దక్షిణం" అయిపోతుంది. మన భాషలో చెప్పాలంటే సున్నాతో భాగించటమే.

దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చూడండి. ఈ నిర్దేశాంకాలతో చిక్కొస్తోంది కదా, వీటినే మార్చేద్దాం అన్నారు. పటం మీద రేఖాంశాలతో పని లేకుండా గ్రీనిచ్ రేఖకి సమాంతరంగా గళ్ళు గీసుకున్నారు. ఆ గళ్ళలో "పైకి" అన్నదే ఉత్తరం, ఎక్కడున్నా సరే. ఆ దిక్కుని పట్టుకుని ఉండటానికి దిక్సూచి బదులు ఒక మంచి గైరోస్కోపు. గైరో తిరిగేటప్పుడు అంతరిక్షంలో ఒకే దిక్కుని పట్టుకుంటుంది, కింద భూమి మాత్రం గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, కాబట్టి ఆ తేడాని ఎప్పటికప్పుడు సవరించుకోవాలి. మధ్యమధ్యలో నావిగేటర్ సూర్యుణ్ణో నక్షత్రాన్నో చూసి సరిచూసుకునేవాడు. మనం జీపీయస్ లేకుండా మాదాపూర్ సందుల్లో కూడా తిరగలేం, వాళ్ళు ఇలా టోక్యో వెళ్ళారు.

జెట్ విమానాలు వచ్చాక అదే దారిలో 32 గంటలు సుమారు పదిహేడు పద్ధెనిమిదికి దిగింది. యూరప్‌లోని పెద్ద కంపెనీలు, జపాన్ వాళ్ళు, తర్వాత కొరియా వాళ్ళు, అందరూ యాంకరేజ్ బాట పట్టారు. మంచు కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊరు ప్రపంచానికి నాలుగు రోడ్ల కూడలి అయిపోయింది. అర్ధరాత్రి విమానం దిగిన జపాన్ వాళ్ళ కోసం అక్కడ ఉడాన్ నూడుల్స్ దుకాణం ఉండేది. ఆ తరం జపాన్ వాళ్ళకి యూరప్ ప్రయాణం అంటే ఇప్పటికీ ఆ నూడుల్సే గుర్తొస్తాయట. మనవాళ్ళకి సూర్యాపేట దగ్గర బస్సు ఆగే హోటల్ గుర్తున్నట్టు.

సోవియట్ వాళ్ళు మరీ తలుపులు బిడాయించుకు కూర్చోలేదు. డబ్బు రుచి వాళ్ళకీ తెలుసు. 1967 ఏప్రిల్‌లో టోక్యో నుంచి మాస్కోకి జపాన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి విమానం మొదలుపెట్టారు. విమానం సోవియట్ వాళ్ళదే, పక్కన జపాన్ కంపెనీ పేరు. 1970 మార్చి నుంచి జపాన్ కంపెనీ తన సొంత విమానాన్ని సైబీరియా మీదుగా నడిపింది, కాకపోతే మాస్కోలో ఆగి తీరాలి. ఈ వెసులుబాట్లు లెక్కపెట్టి, ఒక్కొక్క కంపెనీకి విడిగా బేరమాడి ఇచ్చేవాళ్ళు. డబ్బు సోవియట్ వాళ్ళ ఏరోఫ్లోట్‌కి చేరేది. ఆ పద్ధతి సోవియట్ యూనియన్ పోయాక కూడా పోలేదు. 2000ల దశకంలో యూరప్ కంపెనీలు కేవలం సైబీరియా మీదుగా ఎగిరినందుకు ఏటా సుమారు 30 కోట్ల యూరోలు కట్టేవి. ఎక్కడా దిగకుండా, ఏమీ వాడుకోకుండా. టోల్ గేటు కాంట్రాక్టంటే ఇదీ!

అడగకుండా వెళ్తే ఏమయ్యేదో రెండుసార్లు తెలిసింది.

1978 ఏప్రిల్ 20న పారిస్ నుంచి యాంకరేజ్ మీదుగా సియోల్ వెళ్ళాల్సిన కొరియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 707 ధ్రువ ప్రాంతంలో దిక్కు తప్పి, చెయ్యి తిరిగిన పాములా వెనక్కి వంగి సోవియట్ భూభాగంలోకి, మూర్మాన్‌స్క్ వైపు వెళ్ళిపోయింది. అయస్కాంత సవరణని కలపాల్సిన చోట తీసేశారని చాలామంది చెబుతారు, అంటే ప్లస్ బదులు మైనస్. నిజమైతే ఇంతకన్నా భయంకరమైన సైన్ ఎర్రర్ నేను వినలేదు. సోవియట్ యుద్ధ విమానం క్షిపణి వేసింది, రెక్క దెబ్బతింది, పైలట్ ఎలాగో గడ్డకట్టిన చెరువు మీద దింపాడు. ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. 107 మంది బతికారు.

రెండోసారి అంత అదృష్టం లేదు. 1983 సెప్టెంబరు 1న న్యూయార్క్ నుంచి యాంకరేజ్ మీదుగా సియోల్ వెళ్తున్న అదే కంపెనీ బోయింగ్ 747, నంబరు 007, అలాస్కా దాటినప్పట్నుంచీ మెల్లగా కుడివైపుకి జరుగుతూ కమ్చాట్కా మీదుగా, తర్వాత సఖలిన్ ద్వీపం మీదుగా వెళ్ళిపోయింది. అసలు దారికి 500 కిలోమీటర్ల పైనే దూరంగా. సోవియట్ యుద్ధ విమానం కూల్చేసింది. అందులో ఉన్న 269 మందీ చనిపోయారు. బ్లాక్ బాక్సుల్ని సోవియట్ వాళ్ళు పదేళ్ళ దాకా దాచిపెట్టారు. అవి చేతికొచ్చాక 1993లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తేల్చిందేమిటంటే, ఆటోపైలట్‌ని నావిగేషన్ కంప్యూటర్‌కి అప్పజెప్పాల్సింది, అది దిక్కుని మాత్రమే పట్టుకునే మోడ్‌లో ఉండిపోయింది. సిబ్బంది గమనించలేదు. ఒక్క స్విచ్చి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం, మోడ్ తప్పు అంటే ఏమిటో మనకి తెలుసు. స్క్రీను మీద అంతా మామూలుగానే కనిపిస్తుంటుంది. జీపీయస్‌ని పూర్తయ్యాక పౌరులకి కూడా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించింది ఆ నెలలోనే, ఈ ఘోరం తర్వాతే. మన ఫోన్‌లో నీలం చుక్క వెనకాల ఆ 269 మంది ఉన్నారని నాకు ఈ బగ్ వచ్చేదాకా తెలియదు.

ఇప్పుడు హెల్సింకీకి వద్దాం. 007 కూలటానికి నాలుగు నెలల పైచిలుకు ముందు, 1983 ఏప్రిల్ 22న ఫిన్‌ఎయిర్ హెల్సింకీ నుంచి టోక్యోకి ఎక్కడా ఆగకుండా విమానం నడిపింది. పశ్చిమ యూరప్ నుంచి జపాన్‌కి అదే మొట్టమొదటి నాన్‌స్టాప్. ఎక్కువ ఇంధనం పట్టేలా అదనపు ట్యాంకు పెట్టిన డీసీ-10. హెల్సింకీలో ఎగిరి నేరుగా ఉత్తరంగా వెళ్ళి, ధ్రువం దాటి, అలాస్కాకీ రష్యాకీ మధ్యనున్న బేరింగ్ జలసంధి గుండా దిగి, కమ్చాట్కా జోలికి పోకుండా సముద్రం మీదుగా టోక్యో. పక్కింటి తలుపు తెరిస్తే రెండడుగుల్లో అయ్యే పనికి ఊరంతా చుట్టి రావటం. నేను నా ఫార్ములాతోనే ముక్కలు ముక్కలుగా లెక్కేశాను. హెల్సింకీ నుంచి ధ్రువానికి 3,300, ధ్రువం నుంచి బేరింగ్ జలసంధికి దాదాపు 2,700, అక్కణ్ణుంచి టోక్యోకి 4,660. మొత్తం 10,660 కిలోమీటర్లు. అదీ చివరి ముక్కలో కమ్చాట్కా మీద నుంచి తిన్నగా పోనిస్తే. పోనివ్వరు కాబట్టి ఇంకా ఎక్కువే. 7,830 ఎక్కడ, ఇది ఎక్కడ!

ఫిన్‌లాండ్‌కి రష్యాతో 1,300 కిలోమీటర్ల పైచిలుకు సరిహద్దు ఉంది. ఆ పక్కింటివాళ్ళతో రెండు యుద్ధాలు చేసి, భూమి పోగొట్టుకుని, ఆ తర్వాత జాగ్రత్తగా మసులుకుంటూ బతికిన దేశం. అలాంటి చిన్న దేశపు విమాన సంస్థ, లండన్, పారిస్ వాళ్ళు యాంకరేజ్‌లో ఆగుతూ పోతుంటే, ఆగకుండా వెళ్ళి చూపించింది. నాకైతే ముచ్చటేసింది.

ఆ తర్వాత గోర్బచేవ్ వచ్చాడు. 1980ల రెండో సగం నుంచి సైబీరియా మీదుగా ఆగకుండా పోవటానికి కంపెనీలకి ఒక్కొక్కటిగా అనుమతులొచ్చాయి. 1991 చివర్లో సోవియట్ యూనియనే పోయింది. అదే సమయానికి దూరం ఎగిరే 747-400 విమానాలు వచ్చాయి. రెండూ కలిసి యాంకరేజ్ కథని ముగించాయి. కొన్నేళ్ళలోనే ప్రయాణికులు మాయమయ్యారు. (ఆ ఊరు మునిగిపోలేదు లెండి, సరుకుల విమానాలు పట్టుకున్నాయి. పెట్టెలకి నడుం నొప్పి రాదు, మధ్యలో ఆగినా గొణగవు.)

దారం బిగించి లాగిన దారి తెరుచుకోగానే హెల్సింకీకి జాతకం తిరిగింది. మూల ఊరు కాస్తా యూరప్ నుంచి తూర్పు ఆసియాకి అన్నిటికన్నా దగ్గర దారి అయింది. ఫిన్‌ఎయిర్ తన వ్యాపారం మొత్తం దీని మీద కట్టుకుంది. ఇందులో కిటుకు 24 గంటల లెక్క. పోవటానికి తొమ్మిదిన్నర, రావటానికి పది చిల్లర, రెండు చోట్లా దింపి ఎక్కించటానికి తలా గంటన్నర. అంతా కలిపితే ఒక్క రోజులోపు. అంటే ఒకే ఒక్క విమానంతో ప్రతి రోజూ అదే సమయానికి టోక్యో సర్వీసు నడపొచ్చు. లండన్ నుంచో పారిస్ నుంచో ఇది కుదరదు, ఆ రెండు గంటల తేడా వల్ల రెండో విమానం కావాలి. ఒక్కో పెద్ద విమానం ఖరీదు వందల కోట్ల రూపాయలు కాబట్టి ఆ రెండు గంటల విలువెంతో మీరే ఊహించుకోండి. మనం సర్వర్లని ఖాళీగా ఉంచకూడదని కిందామీదా పడతామే, సరిగ్గా అదే.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. మూడు రోజులకి, 27న, యూరోపియన్ యూనియన్ తన ఆకాశాన్ని రష్యా విమానాలకి మూసేసింది. మర్నాడు, 28న, రష్యా 36 దేశాల విమానాలకి తన ఆకాశాన్ని మూసేసింది. ఫిన్‌ఎయిర్ ఆసియా విమానాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మూలనపడేసిన 1980ల పటాన్ని దుమ్ము దులిపి బయటికి తీశారు. మార్చి 9న టోక్యో విమానం మళ్ళీ ఎగిరింది, ధ్రువం మీదుగా. దాదాపు 13 గంటలు.

ఈసారి విమానం ఎయిర్‌బస్ ఎ350, దానికి రెండే ఇంజన్లు. డీసీ-10కి మూడుండేవి. రెండింజన్ల విమానం ఒకటి చెడిపోతే మిగిలినదాంతో ఇన్ని నిమిషాల్లోపు ఏదో ఒక విమానాశ్రయం చేరేలా ఉండాలని నియమం. ధ్రువం దగ్గర విమానాశ్రయాలు ఎక్కడున్నాయి? అందుకని ఆ గడువుని 300 నిమిషాల దాకా పెంచుతూ అనుమతి తెచ్చుకోవాల్సొచ్చింది. ఒక్క ఇంజన్‌తో మంచు మీద అయిదు గంటలు అన్నమాట, అనుకుంటేనే వణుకు. ఇంధనం సంగతి కూడా ఉంది. మన దగ్గర వాడే జెట్ ఏ-1 ఇంధనం సున్నాకి 47 డిగ్రీలు కింద గడ్డకట్టటం మొదలుపెడుతుంది, పైనున్న గాలి అంతకన్నా చల్లగా ఉండొచ్చు, అందుకని ట్యాంకుల్లో ఉష్ణోగ్రత చూసుకుంటూ పోవాలి. గాలి వాటాన్ని బట్టి కొన్నిసార్లు దక్షిణం దారిలోనూ వెళ్తారు. టర్కీ, జార్జియా, మధ్య ఆసియా దేశాలు, చైనా, కొరియా మీదుగా. ఎటు వెళ్ళినా సుమారు 12,900 కిలోమీటర్లు. ధ్రువం దాటిన ప్రయాణికులకి ఒక సర్టిఫికెట్, స్టిక్కర్ ఇచ్చారు. కంపెనీ నష్టం కంపెనీది, పిల్లల సంబరం పిల్లలది.

ఆ 24 గంటల లెక్క మాత్రం కూలిపోయింది. 13, 13 కలిపితేనే 26. ఖాళీ అయిన విమానాల్లో కొన్నిటిని పైలట్లతో సహా ఆస్ట్రేలియా క్వాంటాస్ లాంటి వాళ్ళకి అద్దెకిచ్చారు. చైనా విమానాలకి రష్యా ఆకాశం తెరిచే ఉంది. వాళ్ళు పాత దారిలో, తక్కువ ఇంధనంతో యూరప్ వచ్చి పోతుంటే, ఆ దారిని నమ్ముకుని ఎదిగిన వాళ్ళు చుట్టూ తిరుగుతున్నారు. నలభై ఏళ్ళు పట్టి సంపాదించిన మూడున్నర గంటలు నాలుగు రోజుల్లో పోయాయి.

ఇదంతా ఎక్కడో ఫిన్‌లాండ్ గొడవ, మనకేంటి అంటారా? మనం అమెరికాకి నేరుగా వెళ్ళటం కూడా ఆ తలుపు తెరుచుకోబట్టే. 1998 నుంచి 2001 మధ్యలో ధ్రువం దగ్గర రష్యా ఆకాశంలో కొత్త దారులు తెరిచారు. 2005 నవంబరులో కాంటినెంటల్ నెవార్క్ నుంచి, అమెరికన్ షికాగో నుంచి ఢిల్లీకి నాన్‌స్టాప్ మొదలుపెట్టాయి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకి అందరూ మహిళా పైలట్లతో ధ్రువం మీదుగా వచ్చింది, గుర్తుండే ఉంటుంది. అదే నెలలో మన హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా నాన్‌స్టాప్ మొదలైంది. నా ఫార్ములా లెక్కన 13,280 కిలోమీటర్లు. కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది, మనకంత ప్రాప్తం.

2022లో రష్యా మూసింది పశ్చిమ దేశాలకే, మనకి కాదు. యునైటెడ్ శాన్‌ఫ్రాన్సిస్కో–ఢిల్లీ సర్వీసు ఆపేసింది, సియాటిల్ నుంచి బెంగుళూరుకి వేస్తామన్న అమెరికన్ అసలు మొదలే పెట్టలేదు. ఎయిర్ ఇండియా మాత్రం రష్యా మీదుగా దర్జాగా వెళ్ళింది. లాభమేగా అని నేనూ అనుకున్నాను. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న బోయింగ్ 777కి ఇంజన్‌లో ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. ఒకప్పుడు స్టాలిన్ ఖైదీలని ఓడల్లో తెచ్చి దింపిన రేవు అది. 216 మంది ప్రయాణికులు. బడిలో నేల మీద పరుపులు వేసుకుని పడుకున్నారు. భాష రాదు, కార్డులు పనిచేయవు. 8వ తేదీన ఇంకో విమానం వచ్చి తీసుకెళ్ళింది.

మనకి ఇంకో పక్కిల్లు కూడా ఉంది కదా. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తర్వాత పాకిస్తాన్ తన ఆకాశాన్ని జూలై 16 దాకా మూసింది. జూలై 2 నాటికే ఎయిర్ ఇండియాకి 491 కోట్లు నష్టమని ప్రభుత్వం రాజ్యసభలో చెప్పింది. 2025 ఏప్రిల్ 24న మన విమానాలకి మళ్ళీ మూసింది. ఢిల్లీలో ఎక్కి అమెరికా వెళ్ళే విమానాల్లో కొన్ని ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో ఆగాయి. అవును, 1957లో ధ్రువం దారి మొదలైన అదే కోపెన్‌హాగన్. పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్తున్న అమ్మానాన్నలకి ఒక్కటే నాన్‌స్టాప్, మధ్యలో దిగే పని లేదు అని ధైర్యం చెప్పి పంపించినవాళ్ళం మనం. మధ్యలో విమానం ఆగి, ఎవరూ దిగకుండా గంటన్నర కూర్చుంటే ఆ పెద్దవాళ్ళు ఎంత కంగారుపడి ఉంటారో!

రాజకీయాలే కాదు, గాలి కూడా లెక్క మారుస్తుందని చెప్పకపోతే అన్యాయం. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం పొడవు 12,380 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా కావాలని పసిఫిక్ మీదుగా తూర్పుకి తిరిగి 15,300 కిలోమీటర్లు వెళ్ళింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో, అట్లాంటిక్ మీదుగా వెళ్ళే పాత దారికన్నా ముందే చేరింది, వెనక నుంచి గాలి తోసింది కాబట్టి. ఎక్కువ దూరం, తక్కువ సమయం. నా 850తో భాగించే తెలివితేటలకి ఇంకో చెంపదెబ్బ.

చివరికి బగ్ ఏమైందంటారా? దూరం చెప్పే ఫార్ములాని ముట్టుకోలేదు. సమయం కోసం వేరే టేబుల్ పెట్టాను. రెండు ఊళ్ళు, ఎవరి విమానం, ఎన్ని నిమిషాలు, ఎప్పట్నుంచి, ఎప్పటిదాకా. మొదటి వరసలో హెల్సింకీ, టోక్యో, 2022 మార్చి 9. "ఎప్పటిదాకా" గడిలో నల్ పెట్టాను. ఆమె చూసి, "సరే, మూసేస్తున్నా" అని మూసేసింది. పావుగంటకి ఇంకోటి తెరిచింది, ఢిల్లీ నుంచి వాషింగ్టన్ నాన్‌స్టాప్ ఇంకా చూపిస్తోందేంటని. చూస్తే నిజమే, ఎయిర్ ఇండియా దాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి ఆపేసింది. చెప్పిన కారణాల్లో విమానాల కొరతతో పాటు పాకిస్తాన్ ఆకాశం కూడా ఉంది. ఆ బగ్ ఇంకా నా పేరు మీదే ఉంది.